పన్నెండా, తొమ్మిదా?

మధ్యాహ్నం ఒకటిన్నర. కారు తలుపు తీయగానే గాలి దాన్ని చేతిలోంచి లాక్కుంది. జూన్ నెల, నడినెత్తిన ఎండ, అయినా స్వెటరు తీయబుద్ధి కావడం లేదు. ఇది కాలిఫోర్నియాలోని అలమీడా, క్రౌన్ బీచ్. ఎదురుగా అఖాతం. దాని అవతల శాన్‌ఫ్రాన్సిస్కో మేడలు నడుము దాకా పొగమంచు కప్పుకుని నిలబడ్డాయి. నీళ్ళ మీద అప్పటికే నాలుగైదు కైట్లు లేచాయి. ఒకటి ఎర్రది, ఒకటి పసుపుది, ఇంకోటి చిలకపచ్చ. వాటి కింద మనుషులు బోర్డుల మీద నిలబడి నీళ్ళు చిమ్ముకుంటూ దూసుకుపోతున్నారు.

"బావా, గాలి మస్తుంది. పన్నెండుది కట్టేద్దాం," అంటున్నాడు మా బావమరిది, డిక్కీలోంచి పంపు లాగుతూ.

పన్నెండంటే పన్నెండు చదరపు మీటర్ల కైటు. మా దగ్గరున్నవి రెండే: పన్నెండుది, తొమ్మిదిది. వాడు ధూల్‌పేట పతంగులతో పెరిగిన హైదరాబాద్ పిల్లాడు. సంక్రాంతి వస్తే మూడు రోజులూ మిద్దె దిగేవాడు కాదట. దారం పట్టుకున్న వేలికి గాలి సంగతి దానంతటదే తెలుస్తుందని వాడి నమ్మకం. కైట్‌బోర్డింగ్ పాఠాలు పోయిన నెలలోనే పూర్తయ్యాయి. టీచర్ పక్కన లేకుండా నీళ్ళలోకి దిగడం ఇవాళ మూడోసారి.

"పంపు కింద పెట్టు. ముందు కొలుద్దాం."

"చేతికి తెలుస్తలేదా బావా?"

"పోయినేడు నా చేతికీ తెలిసింది."

వాడు మారు మాట్లాడకుండా పంపు కింద పెట్టేశాడు. నా ఎడమ భుజం సంగతి వాడికి తెలుసు. ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చింది వాడే.

డిక్కీలో తువ్వాలు పరిచి మూడు గాలి మీటర్లు పెట్టాను. మూడూ అరువువే. ఒకటి మా టీచర్‌ది, ఒకటి స్నేహితుడిది, ఇంకోటి ఈ బీచ్‌కి రోజూ వచ్చే ఒక పెద్దాయనది. మా వాడు ఒక మీటరు కొనుక్కోవాలి, ఏది కొనాలో తేలాలి. దుకాణంలో ఫ్యాన్ ముందు పెట్టి చూస్తే అన్నీ బాగానే తిరుగుతాయి. అందుకే ఇక్కడికి తెచ్చాను. మీరూ నా పక్కకి రండి. ఇసుక ఎగురుతోంది, కళ్ళద్దాలు పెట్టుకోండి.

ముందు తెల్లటి ప్లాస్టిక్ గొట్టం. డ్వయర్ వాళ్ళది. లోపల మిరియపు గింజంత తెల్లటి బంతి. బ్యాటరీ లేదు, తెర లేదు. వెనక వైపు అడుగున ఉన్న కన్నాల్లోకి గాలి జొరబడి బంతిని పైకి నెడుతుంది. ఎంత ఎత్తుకి లేచిందో గొట్టం పక్కనున్న గీతల మీద చూసుకోవడమే. రెండు వరసల గీతలున్నాయి. మామూలుగా పట్టుకుంటే గంటకి 2 నుంచి 10 మైళ్ళ దాకా. పైనున్న కన్నాన్ని వేలితో మూస్తే 4 నుంచి 66 మైళ్ళ దాకా.

వేలితో మూసి, నిటారుగా పట్టుకుని, గాలికి ఎదురుగా నిలబడ్డాను. బంతి కుదురుగా ఉండదు. పద్నాలుగు దగ్గర వణుకుతూ ఉన్నది ఒక్కసారి ఇరవై దాటి ఎగిరింది, మళ్ళీ జారి పదమూడు దగ్గర ఊగుతోంది. మా వాడు నా భుజం మీంచి తొంగి చూస్తున్నాడు.

"ఇది పతంగి దారంలెక్కనే ఉంది బావా. లాగుతుంది, వదుల్తుంది."

సరిగ్గా పట్టుకున్నాడు. ఈ గొట్టం గొప్పతనం అదే. గాలి ఒక అంకె కాదని, ఊగేదని కంటికి చూపిస్తుంది. చిక్కేమిటంటే, ఆ ఊగేదాంట్లో సగటు ఎంతో, గరిష్ఠం ఎంతో మనమే గుర్తుపెట్టుకోవాలి. పైగా మైళ్ళలో ఉంది. కైట్ల లెక్కలన్నీ నాట్స్‌లో నడుస్తాయి. ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు, అంటే 1.15 మైళ్ళు. బంతి 17 మీద ఉంటే గాలి సుమారు 15 నాట్స్. చలికి వణుకుతూ, ఒక చేత్తో కైటు సంచీ పట్టుకుని ఈ భాగహారం చేయాలి.

ఇప్పుడు ఇంకోటి చూపిస్తాను. మనం నిలబడింది పార్కింగ్ దగ్గర. వెనక రోడ్డు, రోడ్డవతల అపార్టుమెంట్లు, పక్కన మన కారు. నీటి అంచుకి నడవండి. వంద అడుగుల కంటే ఎక్కువ దూరం లేదు. మధ్యలో పొడి ఇసుక మడమల దాకా దిగుతుంది, తర్వాత తడి ఇసుక గట్టిగా తగులుతుంది. ఇక్కడ మళ్ళీ గొట్టం ఎత్తి చూడండి. బంతి ఇందాకటి కంటే వేలెడు పైన తిరుగుతోంది. చెట్టు చాటున, కారు చాటున, మన ఒంటి చాటున కొలిచింది మనం ఎగరబోయే గాలి కాదు.

ఎంత మంచి మీటరు కొన్నా ఈ వంద అడుగులు నడవకపోతే డబ్బు దండగ. మంచి మీటర్లలో తప్పు నూటికి మూడు పాళ్ళకి మించదంటారు. 15 నాట్స్ మీద అది అర నాట్ కూడా కాదు. తప్పు చోట నిలబడితే పోయేది మూడు నాలుగు నాట్స్. దుకాణాల్లో దశాంశ స్థానాల గురించి గొప్పగా చెబుతారు. నేనైతే వాటిని పట్టించుకోను.

గాలి ఎటు నుంచి వస్తోందో తెలుసుకోవడానికి మా టీచర్ నేర్పిన పద్ధతి ఉంది. కళ్ళు మూసుకుని, రెండు చెవుల్లో హోరు ఒకేలా వినపడేదాకా తల మెల్లగా తిప్పండి. హోరు సమానమైన చోట ముక్కు ఎటు ఉందో గాలి అటు నుంచి. ఇవాళ పడమటి నుంచి, ఒడ్డుకి ఏటవాలుగా వస్తోంది. ఇది కలిసొచ్చే సంగతి, బోర్డు జారిపోయినా అలలే మనిషిని ఒడ్డుకి చేరుస్తాయి. ఒడ్డు నుంచి లోపలికి వీచే గాలైతే ఏ మీటరులో ఏ అంకె వచ్చినా సరే, దిగకూడదు. ఈ సంగతి చెప్పే మీటరు వీటిలో ఒక్కటీ లేదు. చెవులే చెప్పాలి.

రెండోది తీశాను. రెక్కల చక్రం ఉన్న రకం, కెస్ట్రెల్ 1000. జేబులో పట్టేంత పరికరం, మెడలో వేసుకునే తాడు. పైన గుండ్రటి కిటికీలో చిన్న చక్రం. మన పాత రూపాయి బిళ్ళంత, అడ్డం ఒక అంగుళం. దగ్గరగా చూస్తే సన్నటి రెక్కలు, వాటి నడుమ గుండుసూదంత ఇరుసు. ఆ ఇరుసు ఆనేది నీలం రాళ్ళ మీద. నవరత్నాల్లో ఉండే ఆ నీలమే, కాకపోతే ఫ్యాక్టరీలో పుట్టింది. గట్టి రాయి కాబట్టి త్వరగా అరగదు, రాపిడి తక్కువ. నోటితో మెల్లగా ఊదితే చాలు, చక్రం గిర్రున తిరిగి తెర మీద అంకె కదిలింది. ఇరుసుతో పాటు చిన్న అయస్కాంతం తిరుగుతుంది, ఎన్ని చుట్లు తిరిగిందో లోపలి సర్క్యూట్ లెక్కపెట్టి గాలి వేగంగా మారుస్తుంది.

"చెయ్యి చాపి, తలకంటే ఎత్తున పట్టుకో. ఒంటికి పక్కగా ఉండాలి, ముందు కాదు. చక్రం సూటిగా గాలిని చూడాలి."

వాడు పట్టుకున్నాడు. 13.8. 14.6. 12.1. 16.9. అంకెలు పరుగెడుతున్నాయి.

"పక్కకి వంచి చూడు." వంచాడు. అంకె కొంచెం దిగింది. ఐదు డిగ్రీలు పక్కకి పోతే నూటికి ఒకటి, పదిహేను డిగ్రీలు పోతే మూడు పాళ్ళు తక్కువ చూపిస్తుందని తయారీదారులే రాశారు. అంటే చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా కొంప మునగదు. బాగా పక్కకి తిరిగితేనే మోసం.

"ఎంతసేపు పట్టుకోవాలె?"

"రెండు నిమిషాలు. చెయ్యి నొప్పి పెడితే మార్చుకో. దించకు."

వాడు పట్టుకుని ఉండగా నా భుజం సంగతి చెప్పేస్తాను.

పోయినేడు ఇదే నెల. నా దగ్గర అప్పుడు చౌక మీటరు ఒకటుండేది. తయారుచేసినవాళ్ళ పేరు అనవసరం. ఆ క్షణాన ఉన్న వేగం ఒక్కటే చూపించేది. సగటు లేదు, గరిష్ఠం లేదు. పైగా నేను పెట్టుకున్నవి నీటి తళుకుని ఆపే పోలరైజ్డ్ కళ్ళద్దాలు. వాటిలోంచి చూస్తే ఆ తెర ఒక కోణంలో నల్లగా మారిపోయేది. అద్దాలు నుదుటి మీదికి ఎత్తి, కళ్ళు చికిలించి, పది సెకన్లు చూశాను. 12. అది గాలి సద్దుమణిగిన పది సెకన్లని నాకు తెలియదు. పన్నెండుది కట్టాను. కైటు లేచింది, రెండడుగులు నీళ్ళవైపు వేశాను. అప్పుడొచ్చింది విసురు. ఆ రోజు గస్ట్‌లు 22 దాటాయని తర్వాత ఒడ్డునున్నవాళ్ళు చెప్పారు. పాదాలు నేల వదిలిన సంగతి నాకు తెలియనే లేదు. తెలిసేసరికి ఇసుక మీద భుజం రాసుకుంటూ కైటు నన్ను ఈడ్చుకుపోతోంది. సేఫ్టీ లాగాను కాబట్టి కైటు బలం చచ్చి పడిపోయింది. లేకపోతే ముందు కాంక్రీటు గట్టు ఉంది. భుజం కీలు తప్పింది. ఆరు వారాలు చెయ్యి మెడకి కట్టుకుని తిరిగాను.

12కీ 22కీ తేడా పదే కదా అనిపిస్తుంది. గాలి నెట్టే బలం వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. పన్నెండు పన్నెండ్లు 144. ఇరవై రెండు ఇరవై రెండ్లు 484. నేను ఒకటికి సిద్ధపడి వెళ్ళాను, నా మీదికి వచ్చింది మూడున్నర రెట్లకి దగ్గర. గాలి కొలవడంలో నాకింత పట్టుదల అందుకే. కైట్‌బోర్డింగ్ చేసే ప్రతివాడి ప్రాణమూ ఈ వర్గం లెక్క మీదే ఉంది.

రెండు నిమిషాలయ్యాయి. వాడు బటన్ నొక్కాడు. సగటు: 15.0. ఇంకోసారి నొక్కితే గరిష్ఠం: 19.1. ఇది మూడు సెకన్ల పాటు నిలిచిన విసురు, క్షణకాలం మెరిసిన అంకె కాదు. వాతావరణ శాఖలు గస్ట్ అనేదీ మూడు సెకన్ల లెక్కనే. కనిష్ఠం మాత్రం ఇది దాచుకోదు, కళ్ళతోనే చూడాలి. నేను చూశాను. రెండుసార్లు పదకొండుకి దిగింది.

వాడు వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టాడు. కైటు సైజుకి బీచ్‌లో అందరూ వాడే మోటు లెక్క ఒకటుంది. బరువుని కిలోల్లో తీసుకుని 2.2తో హెచ్చవేసి, గాలి ఎన్ని నాట్స్ ఉంటే దానితో భాగించాలి. వాడు 82 కిలోలు. హెచ్చవేస్తే 180. పదిహేనుతో భాగిస్తే సరిగ్గా 12.

"చూసినవా బావా! పన్నెండే!"

వాడి మొహం వెలిగిపోయింది. లెక్కలో తప్పు లేదు.

"ఇప్పుడు గరిష్ఠంతో భాగించు."

180ని 19తో. తొమ్మిదిన్నర.

"పదకొండు పదకొండ్లు?"

"నూటిరవై ఒకటి."

"పందొమ్మిది పందొమ్మిదులు?"

"మూడొందల అరవై ఒకటి." వాడి గొంతు తగ్గింది.

మూడు రెట్లు. సగటు ఒక్కటే చూసుకుంటే ఆ మూడు రెట్లు మాయమవుతాయి. ఇరవయ్యేళ్ళుగా ఎగురుతున్నవాడికి సగటు సరిపోతుంది, విసురు వస్తే దారాలు కట్టిన బార్ వదిలి కైటు బలం తగ్గించడం వాడి చేతికి అలవాటు. మూడో రోజు దిగుతున్నవాడు గరిష్ఠాన్ని చూసే కట్టాలి. గరిష్ఠం చూపించని మీటరు కొత్తవాళ్ళ చేతిలో ఉండకూడదు. ఇది నా గట్టి అభిప్రాయం.

వాడు కాసేపు నీళ్ళకేసి చూశాడు. "ఇంకో మీటరు కూడా చూద్దాం," అన్నాడు.

మూడోది గిన్నెల రకం. పిడి మీద నిలువు పుల్ల, దాని పైన మూడు చిన్న గిన్నెలు. వాతావరణ కేంద్రాల డాబాల మీద తిరిగేదానికి పిల్ల. 1846లో ఐర్లండ్‌లోని ఆర్మా అబ్జర్వేటరీలో థామస్ రోమ్నీ రాబిన్‌సన్ దీనికి రూపం ఇచ్చాడు. అప్పట్లో నాలుగు గిన్నెలు. గిన్నె ఎంతదైనా, చెయ్యి ఎంత పొడవైనా, గాలి వేగంలో మూడోవంతుతో తిరుగుతుందని ఆయన నమ్మాడు. అది నిజం కాదని, ప్రతి పరికరానికీ దాని లెక్క విడిగా కట్టాలని తర్వాత తేలింది. కెనడాలో జాన్ ప్యాటర్సన్ 1926లో మూడు గిన్నెలది చేశాడు. ఇప్పుడు చేతిలో ఉన్నది దాని వంశమే.

దీన్ని గాలికేసి తిప్పక్కర్లేదు. ఎటు నుంచి వచ్చినా తిరుగుతుంది. మా వాడికి వెంటనే నచ్చింది. ఎత్తి పట్టుకుంటే బుర్రుమంటూ తిరుగుతోంది. ఒకటే లోటు. విసురు వస్తే గిన్నెలు చప్పున వేగం అందుకుంటాయి, గాలి తగ్గినప్పుడు మాత్రం అంత చప్పున నెమ్మదించవు, తిరిగిన ఊపులో ఇంకాస్త తిరుగుతాయి. అందుకని గాలి ఊగే రోజున సగటు కొంచెం ఎక్కువ చూపించే గుణం వీటిది. ఎక్కువ చూపిస్తే చిన్న కైటు కడతాం, అందులో ప్రమాదం లేదు. నా బెంగ వేరే. ఈ గిన్నెలు బయటికి పొడుచుకుని ఉన్నాయి. ఇసుకలో పడితే, సంచీలో బోర్డు కింద నలిగితే, ఒక గిన్నె వంగితే ఇక అది చెప్పేది అబద్ధం. గిన్నెలకి మూత ఉన్నదైతే, జాగ్రత్త తెలిసినవాళ్ళకైతే, ఇదీ మంచిదే.

ఫోనుకి తగిలించే రకం గురించి మా వాడే అడిగాడు. వాటిలో చాలా వాటిని హెడ్‌ఫోన్ రంధ్రంలో గుచ్చేవాళ్ళు. 2016లో ఐఫోన్ 7లో ఆ రంధ్రం తీసేశారు, ఇప్పుడు చాలా ఫోన్లకి లేదు. ఉన్నా, తడి చేతులతో, ఇసుక గాలిలో, ఫోను తలపైకి ఎత్తి రెండు నిమిషాలు నిలబడాలి. నేను ఆ పని చేయను.

ఇవన్నీ ఇప్పటి మీటర్లు. మాది దివిసీమ, అవనిగడ్డకి దగ్గర పల్లె. మా ఇంట్లో గాలికి అంకె లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత మా ఊళ్ళో కాలానికే రెండు భాగాలు: గాలివానకి ముందు, గాలివాన తర్వాత. నేను గాలివాన తర్వాత రెండేళ్ళకి పుట్టాను. మిగతా గాలితో నాన్నకి పని పడేది తూర్పారబట్టేటప్పుడే. కళ్ళంలో ఎత్తు మీద నిలబడి చేటతో ధాన్యం జారవిడిచేవాడు. గట్టి గింజ కాళ్ళ దగ్గర పడాలి, తాలు పక్కకి పోవాలి. గాలి చాలకపోతే తాలు గింజలోనే పడుతుంది, ముదిరితే గింజ కూడా తాలుతో పోతుంది. మొదటి రెండు చేటలు పోసి, అవి ఎక్కడ పడ్డాయో చూసి, చుట్ట వెలిగించుకుని కూర్చునేవాడు, లేదంటే మూడో చేట ఎత్తేవాడు. గాలి ఎంతుందని ఎవరూ అడగలేదు. ఈ గాలికి పని సాగుతుందా అన్నదే ప్రశ్న.

బ్రిటిష్ నౌకాదళంలో ఫ్రాన్సిస్ బోఫర్ట్ 1805లో గాలికి మెట్లు కట్టినప్పుడు ఆయనా వేగం రాయలేదు. ఏ గాలికి యుద్ధనౌక ఎన్ని తెరచాపలు మొయ్యగలదో రాశాడు. నాట్స్ తర్వాత వచ్చి చేరాయి. పన్నెండా, తొమ్మిదా అని మేం ఈ ఇసుకలో నిలబడి అడిగేది ఆ పాత తెరచాపల ప్రశ్నే. ఆయన నాలుగో మెట్టు 11 నుంచి 16 నాట్స్. గుర్తు ఏమిటంటే, నీళ్ళ మీద తెల్ల నురగలు తరచుగా కనిపించడం. ఇప్పుడు ఎదురుగా చూడండి. దూరాన నీలం మీద తెల్లటి గీతలు లేచి చెదిరిపోతున్నాయి. ఇందాక కారు దిగినప్పుడు అన్ని లేవు.

ఆ మాట మా వాడికి చెప్పాను. "ఇంకో అరగంట ఆగుదాం. ఈ గాలి ముదిరే గాలి."

ఇక్కడి గాలి సంగతే అంత. లోపల సెంట్రల్ వ్యాలీలో ఎండ మండుతుంది. అక్కడి వేడిగాలి పైకి లేచిన చోటికి పసిఫిక్ సముద్రపు చల్లగాలి గోల్డెన్ గేట్ సందులోంచి దూసుకొస్తుంది. వేసవి అంతా ఇంతే. మధ్యాహ్నం మొదలై, పొద్దు వాలేదాకా పెరుగుతుంది. ఒకటిన్నరకి కొలిచిన గాలి రెండున్నరకి ఉండదు. పైగా మనం కొలుస్తున్నది నేలకి రెండు మీటర్ల ఎత్తున. వాతావరణ సూచనల్లో చెప్పేది పది మీటర్ల ఎత్తున ఉన్న గాలి. కైటు ఎగిరేది ఇరవై మీటర్ల దారాల కొసన. నేలకి, నీటికి రాసుకుంటూ పోయే గాలి నెమ్మదిగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ వేగం ఎక్కువ. మీటరు ఎంత చెప్పినా పైనున్నది అంతకంటే కొంచెం ఎక్కువే అనుకోవాలి.

వాడు కైటు సంచీ మీద కూర్చున్నాడు. థర్మాస్‌లో టీ ఉంది, పోశాను. పక్కన ఎవరో పంపు కొడుతున్నారు, ఫుస్సు ఫుస్సుమని చప్పుడు. నీళ్ళలోంచి ఒకావిడ బయటికి వచ్చింది, పసుపు కైటు దింపించుకుంది. గాలి తీసి, మడిచి, సంచీలో పెట్టి, ఇంకో చిన్న సంచీ తీసింది. పెద్దది మార్చి చిన్నది కట్టుకుంటోంది. మా వాడు ఆవిణ్ణే చూస్తున్నాడు. నేనేమీ అనలేదు.

రెండూ ఇరవై. వాడే లేచి నీటి అంచుకి నడిచాడు. ఈసారి నేను చెప్పకుండానే చెయ్యి తలపైకి ఎత్తి, తల అటూ ఇటూ తిప్పి చెవులతో దిక్కు చూసుకుని, చక్రం సూటిగా పట్టాడు. రెండు నిమిషాలు. మధ్యలో ఒకసారి చెయ్యి మార్చుకున్నాడు.

సగటు 18. గరిష్ఠం 24.

180ని 18తో భాగిస్తే పది. 24తో భాగిస్తే ఏడున్నర. వాడు నాకేసి చూడలేదు. పన్నెండుది తీసుకెళ్ళి కారులో పెట్టి, తొమ్మిదిది తెచ్చి ఇసుక మీద పరిచాడు. మూడు నిమిషాలు ఆలోచించి, దాన్ని కూడా మడిచేశాడు.

"తొమ్మిది కూడా ఎక్కువే బావా. ఇవాళ వద్దు. పొద్దు వాలినంక మళ్ళీ కొలుద్దాం."

ఆరున్నరకి గాలి తగ్గింది. సగటు 14, గరిష్ఠం 17. వాడు తొమ్మిదిదే కట్టి దిగాడు. పది మీటర్లు పోయి పడ్డాడు, లేచాడు, ఇరవై పోయాడు. తర్వాత ఒకే ఊపున వంద మీటర్లు పోయి, తిరగడం రాక, నీళ్ళలో నడుచుకుంటూ వచ్చాడు. ఇక్కడ నీళ్ళు నడుము లోతే. వాడి నవ్వు ఒడ్డు దాకా వినపడింది.

ఇంటికెళ్ళే దారిలో కారులోనే మీటరు ఆర్డర్ పెట్టాడు. రెక్కల చక్రం ఉన్నదే. బంతి గొట్టం వాడికి బాగా నచ్చింది, కానీ గరిష్ఠాన్ని గుర్తుపెట్టుకునేది కావాలన్నాడు. చక్రం ఉప్పుకి పాడైతే చక్రం ఒక్కటే మార్చుకోవచ్చు. నీళ్ళలో పడితే తేలుతుంది. లోపల బిళ్ళ బ్యాటరీ సీఆర్2032, ఎక్కడైనా దొరుకుతుంది. తేమ, గాలి ఒత్తిడి, చలి లెక్కలు చూపించే పెద్ద మోడళ్ళు ఉన్నాయి, వాటికి రెండింతలు మూడింతలు పెట్టాలి. చల్లగాలి బరువెక్కువ, నిజమే, కానీ పది డిగ్రీల తేడాకి బలం మారేది నూటికి మూడు నాలుగు పాళ్ళే. ఆ డబ్బుతో మంచి హెల్మెట్ కొనుక్కోమన్నాను.

మీరూ కొనబోతుంటే ఈ నాలుగూ చూడండి: సగటు, మూడు సెకన్ల గరిష్ఠం, నీటికి తట్టుకోవడం, మీ కళ్ళద్దాల్లోంచి కనిపించే తెర. బీచ్ నుంచి రాగానే మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టండి, ఉప్పు ఇరుసులో గడ్డకట్టకముందే. కొత్తది పెట్టెలోంచి తీయగానే యూనిట్లు నాట్స్‌కి మార్చండి. కొన్ని మీటర్లు సెకనుకి మీటర్లలో చూపిస్తూ వస్తాయి. తెర మీద 9 అని కనిపించి, అది సెకనుకి 9 మీటర్లయితే, మీ ఎదురుగా ఉన్న గాలి పదిహేడున్నర నాట్స్.